ఆ మూడు గంటల విమానం ఎక్కడుంది?



మీ పత్రిక విహారం పేజీలో వేసిన దూరాల పట్టిక చూశాను. లక్షద్వీప్‌లోని అగత్తి నుంచి అండమాన్‌లోని పోర్ట్‌బ్లెయిర్‌కు సుమారు 2,240 కిలోమీటర్లు, విమానంలో మూడు గంటలు అని ఉంది. దూరంతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ మూడు గంటలతోనే.

మ్యాపు మీద గీత గీసి, దాని పొడవును గంటకు 800 కిలోమీటర్ల వేగంతో భాగించి, ఎగరడానికీ దిగడానికీ ఇంకాస్త కలిపితే వచ్చే అంకె అది. అలాంటి విమానం లేదు సరికదా, ఇప్పుడున్న పరిస్థితిలో నడపడమూ కష్టమే. అగత్తి సన్నటి దీవి. రన్‌వే పొడవు దాదాపు 1,200 మీటర్లు, రెండు కొసలా సముద్రమే. మనం రోజూ ఎక్కే ఎయిర్‌బస్సులు, బోయింగులు అక్కడ దిగలేవు. రెక్కలకు పంకాలుండే ఏటీఆర్ దిగుతుంది. కానీ నిండా జనంతో అది 2,240 కిలోమీటర్లు పోలేదు. అంత దూరం పోగలిగేది అగత్తిలో దిగలేదు, అగత్తిలో దిగేది అంత దూరం పోలేదు.

మరి వెళ్లేవాళ్లు ఎలా వెళ్తారు? అగత్తి నుంచి కొచ్చి 460, కొచ్చి నుంచి చెన్నై 520, చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్ 1,370 కిలోమీటర్లు. అన్నీ కలిపితే 2,350. అంటే చుట్టు తిరిగినందుకు పెరిగిన దూరం వంద కిలోమీటర్ల పైచిలుకే! గాల్లో ఉండేది కూడా అయిదు గంటల లోపే. మిగతాదంతా కూర్చోవడమే. కొచ్చిలో ఒక పడిగాపు, చెన్నైలో ఇంకొకటి. ఆ రోజుకు విమానం అందకపోతే లాడ్జిలో మకాం. లక్షద్వీప్‌లో అడుగు పెట్టడానికి ముందే పర్మిట్ తీసుకోవాలి, ఆ తిప్పలు వేరే.

 

ఇదంతా ఎవరికో దూరపు దీవుల గొడవ అనుకోకండి. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి అండమాన్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. పోర్ట్‌బ్లెయిర్‌కు చెన్నై కంటే విశాఖే దగ్గర, 1,200 కిలోమీటర్ల పైచిలుకు. అయినా నేరుగా విమానం లేని రోజున మా వాళ్లు చెన్నైకో కోల్‌కతాకో వెళ్లి ఎక్కాల్సిందే. ఓడ ఎక్కితే రెండు రోజుల పైమాటే. ఇంట్లో పెద్దవాళ్లకు బాగోలేదని కబురొచ్చినప్పుడు గంటన్నరో రెండు గంటలో అని పత్రికలో చదివి బయల్దేరినవాడి గతి ఏమిటి?

అందుకే నా మనవి. ఇకపై దూరాల పట్టిక వేసినప్పుడు పక్కనే మరో రెండు గడులు గీయండి: నేరుగా విమానం ఉందా, లేకపోతే ఎక్కడ మారాలి. ఆ రెండూ నింపలేని చోట ప్రయాణ సమయం గడి ఖాళీగా వదిలేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం