ఈ తోటకూర ఏం తిని పెరిగింది?

మొన్న మా వీధిలోకి వచ్చిన ఆకుకూరలామె తోటకూర కట్ట చేతికిస్తే ఆశ్చర్యపోయాను. అరచేయంత ఆకులు, నిగనిగలాడుతున్నాయి. ‘‘ఏం ఎరువేస్తారమ్మా?’’ అనడిగా. ‘‘మోరీ మట్టి తెచ్చి ఏస్తమమ్మా. యూరియా ఖర్చు లేదు, మంచిగ ఏపుగొస్తది’’ అంది నవ్వుతూ. తీసుకోవడమైతే తీసుకున్నాను గానీ, కత్తిపీట ముందు కూర్చున్నాక చెయ్యి ఆడలేదు.

ఆమె చెప్పినదాంట్లో అబద్ధం లేదు. మురుగునీటిని శుద్ధి చేశాక మిగిలే మడ్డిలో నత్రజని, భాస్వరం దండిగా ఉంటాయి. మన తాతల కాలంలోనూ ఊరి పెంట పొలాలకే పోయేది. అయితే ఆ పెంటలో బ్యాటరీల సీసం, అద్దకాల రంగులు, మందుల కంపెనీల రసాయనాలు లేవు. ఇప్పుడు అన్నీ ఒకే కాలువలోకి! పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థజలాలను కాస్త శుద్ధి చేసి, 18 కిలోమీటర్ల గొట్టం వేసి మరీ హైదరాబాద్ మురుగులో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపారు. ఇక అడుగున దిగే మడ్డి మాట వేరే చెప్పాలా? మూసీ ఒడ్డున పాలకూర, గోంగూర, పశువుల గడ్డి ఏళ్ల తరబడి ఆ మురుగు నీళ్లతోనే పండుతున్నాయి.

మడ్డిలో ఏలికపాముల గుడ్లుంటాయి. నేలలో నెలలు, ఒక్కోసారి ఏళ్లు కూడా బతుకుతాయి. సరే, శుభ్రంగా కడిగి, బాగా ఉడికిస్తే ఆ బెడద చాలావరకు తీరుతుంది. తీరనిది కాడ్మియం లాంటి లోహాల బెడద. అది ఆకు మీద అంటుకునేది కాదు, వేరు నుంచి ఆకులోకి ఎక్కేది. పాలకూర లాంటివి దాన్ని మరీ ఎక్కువగా పీల్చుకుంటాయి. ఉప్పునీళ్లలో నానబెట్టినా, తెర్లించినా పోదు. ఒంట్లో చేరితే కిడ్నీల్లో దశాబ్దాలు తిష్ఠ వేస్తుంది.

ఆడవాళ్లం మరింత గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఒంట్లో ఇనుము తక్కువైతే పేగులు కాడ్మియాన్ని ఇంకా ఎక్కువగా తీసుకుంటాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత. అంటే రక్తం పట్టాలని ఆకుకూరలు తినే మనకే ఆ విషం ముందు పడుతుందన్నమాట!

అమెరికాలో 1993లో చేసిన నిబంధనల ప్రకారం, పూర్తిగా క్రిములు పోని మడ్డి వేసిన నేలలో, ఆ మట్టి తగిలే కూరలను 14 నెలల దాకా కోయకూడదు. మన తోటకూర నెల తిరక్కుండానే కోతకొస్తుంది! 2022లో మెయిన్ రాష్ట్రం, ఎన్నటికీ విరగని కొన్ని రసాయనాలు పొలాల్లో చేరాయని మడ్డి వాడకాన్నే నిషేధించింది. మన దగ్గరా ఎరువుల చట్టం కింద పట్టణ కంపోస్టులో కాడ్మియం కిలోకి 5 మిల్లీగ్రాములు దాటకూడదనుంది. అది సంచీలో అమ్మే కంపోస్టు సంగతి. ట్రాక్టర్లో తోలుకొచ్చే మడ్డికి పరీక్ష చీటీ అడిగేదెవరు?

దీన్ని చెట్లకో, పార్కుల పచ్చికకో వేస్తే నాకేం అభ్యంతరం లేదు. ఆకుకూరలకు మాత్రం వద్దంటాను. పంపే ముందు పరీక్ష చేయించాల్సింది శుద్ధి కేంద్రాలే. రైతును తిడితే ఏం లాభం? ఆ మడ్డిలో వట్టి కాళ్లతో దిగేది ఆమే. కొంకిపురుగులు పాదాల్లోంచే ఎక్కుతాయి.

నిన్న మళ్లీ వచ్చింది. ‘‘మీ ఇంట్లోనూ ఈ కూరే వండుతారా?’’ అన్నాను. ‘‘ఇంకేం వండుతమమ్మా, అమ్మంగ మిగిలింది గదే గదా’’ అంది గంప ఎత్తుకుంటూ.