బొమ్మ చేసినోడి పేరేది?

రామ్ సుతార్ 2025 డిసెంబరులో చనిపోయాడు. నూరేళ్ళు బతికాడు. పత్రికలన్నీ ఆయన్ని గుజరాత్‌లోని 182 మీటర్ల పటేల్ విగ్రహం చేసిన శిల్పిగా తలుచుకున్నాయి. మేము మాత్రం హుస్సేన్‌సాగర్ ఒడ్డున 125 అడుగుల అంబేద్కర్‌ని నిలబెట్టిన చేతుల్ని తలుచుకుంటున్నాం. తలుచుకుంటూనే ఒక మాట అడగదలిచాం.

సుతార్ 1925లో మహారాష్ట్రలోని ధూలే జిల్లా గోందూర్‌లో వడ్రంగి ఇంట పుట్టాడు. సుతార్ అంటేనే వడ్రంగి. కులమే ఇంటిపేరు. బొంబాయి జె.జె. స్కూల్లో శిల్పం నేర్చుకుని, 1950ల్లో పురావస్తు శాఖ కొలువులో చేరి అజంతా, ఎల్లోరాల్లో విరిగిన శిల్పాల్ని బాగుచేశాడు. ఆ గుహలు చెక్కించిన రాజుల పేర్లు మన పిల్లల బడి పుస్తకాల్లో ఉన్నాయి. చెక్కినోళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. తర్వాత చంబల్ నది మీద గాంధీసాగర్ డ్యాం దగ్గర 45 అడుగుల బొమ్మ చేశాడు. ఆపైన గాంధీలు, నెహ్రూలు, ఢిల్లీ ఆర్డర్లు. 1999లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్. వడ్రంగి కొడుకు పేరు లోకానికి తెలిసింది. సంతోషమే.

గాంధీ బొమ్మలు చేసీ చేసీ ఆరితేరిన చేతులే మన బాబాసాహెబ్‌నీ చేశాయి. 1932లో పూనా ఒప్పందం మీద ఆయన చేత ఎలా సంతకం పెట్టించారో తెలిసినోళ్ళకి ఇది కాస్త గుచ్చుకుంటుంది. అయినా శిల్పిని తప్పు పట్టం. బొమ్మ ఎంత ఎత్తుండాలో, ఎక్కడ నిలబడాలో చెప్పేది ఆర్డరిచ్చినోడే. హైదరాబాదు బొమ్మకి 2016లో శంకుస్థాపన చేసి 2023 ఏప్రిల్ 14న తెర తీశారు. ఖర్చు 140 కోట్ల పైమాటే. లోపల ఉక్కు చట్రం, పైన కంచు. సర్కారు తలుచుకుంటే కంచుకేం కొదవ?

మన వాడల్లో బొమ్మలు అలా లేవలేదు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు, ఆ దెబ్బలు తిన్నాక వాడవాడకీ కూలిడబ్బులతో లేచాయి. ముందు మట్టితో బొమ్మ చేస్తారు. దానిమీద ప్లాస్టర్ పోసి మూస తీస్తారు. మూసలో ఇనుప చువ్వలు పెట్టి సిమెంటు పోస్తారు. నీలం కోటు, ఎర్ర టై, కళ్ళజోడు, చంకలో రాజ్యాంగం. పార్లమెంటు ఆవరణలో 1967లో పెట్టిన బి.వి. వాఘ్ చేసిన బొమ్మ ఎలా చెయ్యెత్తి వేలు చూపిస్తుందో, మన బొమ్మా అలాగే చూపిస్తుంది. ఆ వేలే ఊరి పెద్దలకి కంట్లో నలుసు. రాత్రికి రాత్రి ముందు విరిగేది కూడా ఆ వేలే.

ఈ సిమెంటు బొమ్మల్లో కళ లేదని, మొహం కుదర్లేదని పట్నం పండితులు నవ్వుతారు. మాకూ కొన్ని కుదరలేదనే అనిపిస్తుంది. దాచుకోవటం ఎందుకు? కానీ 1997 జూలైలో బొంబాయి రమాబాయి నగర్‌లో బాబాసాహెబ్ బొమ్మకి ఎవరో చెప్పుల దండ వేస్తే, అన్యాయం అని రోడ్డెక్కినోళ్ళలో పదిమందిని పోలీసులు కాల్చి చంపారు. మొహం కుదిరిందా లేదా అని చూసుకుని కాదు వాళ్ళు రోడ్డెక్కింది.

ఇక అసలు మాట. మీ వాడలో బొమ్మ కింద శిలాఫలకం ఒకసారి చదవండి. మంత్రి పేరుంటుంది. ఎమ్మెల్యే, ఎంపీ, సర్పంచి, ఆఖరికి మైకు పెట్టించిన కంట్రాక్టరు పేరు కూడా ఉంటుంది. బొమ్మ చేసినోడి పేరు? వెయ్యేళ్ళ కింద ఎల్లోరాలో జరిగిందే ఇవాళ మన వాడలో మన చేతుల మీదుగానే జరుగుతోంది. దీనికి బ్రాహ్మణీయాన్ని తిట్టి ఊరుకుంటే సరిపోదు.

మా వాడ బొమ్మ వేలు విరిగితే చేసిన మేస్త్రినే పిలిపించాం. పాతికేళ్ళ కింద చేసినాయనే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పనిచేసి, "లోపల లావు చువ్వ పెట్టా, ఈసారి అంత తేలిగ్గా విరగదు" అన్నాడు. సిమెంటు ఖర్చు తీసుకున్నాడు గానీ కూలి తీసుకోలేదు. పలక మీద మీ పేరు చెక్కిస్తాం అన్నాం. ఆయన గబుక్కున మా చేతులు పట్టుకున్నాడు.

"వద్దు బాబూ. ఊళ్ళో గుళ్ళ బొమ్మలు కూడా నేనే చెయ్యాలి. మీ బొమ్మ కింద నా పేరు చూస్తే ఆ పని ఎవరిస్తారు?"

మేం అప్పటిదాకా ఈ సంగతే ఆలోచించలేదు. మరిచిపోయి పేరు రాయలేదు అనుకున్నాం గానీ, పేరు రాస్తే ఆయన కంచం లాగేస్తారని తట్టలేదు. సుతార్‌కి పేరు తెచ్చిన పనే మా మేస్త్రికి పొట్ట కొట్టే పని అవుతుంది.

అందుకని సంఘాలకి మా మనవి. బొమ్మ పెట్టే ముందే మేస్త్రితో కూర్చుని మాట్లాడండి. పేరు చెక్కమంటే చెక్కండి. వద్దంటే సంఘం పుస్తకంలో అయినా ఎక్కించండి: ఎవరు చేశారు, ఎన్నాళ్ళు చేశారు, కూలి ఎంత ఇచ్చారు. బేరమాడి కూలి తగ్గించి ఉంటే అదీ రాయండి. ఆ కాగితం నకలు ఒకటి మాకు పంపండి. మేస్త్రి ఒప్పుకుంటేనే పేరు అచ్చువేస్తాం.