కాంతి పొరలో ఈగ మెదడు

మగ్గిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగ పేరు డ్రోసోఫిలా. దాని మెదడు గసగసాల గింజంత. అందులోని 1,39,255 నాడీకణాలను, వాటి మధ్య ఉన్న దాదాపు 5 కోట్ల సంధులను చూపే పటాన్ని 2024 అక్టోబరులో ఫ్లైవైర్ బృందం 'నేచర్'లో ప్రచురించింది. గొప్ప పనే. కానీ అది ఒకే ఒక్క ఆడ ఈగ మెదడు. దాన్ని సుమారు 7,000 పొరలుగా కోసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చిత్రాలు తీసి, ఏళ్ల తరబడి సరిచూశాక వచ్చిన పటం. మరి ముసలి ఈగ మెదడు? నిద్రలేని ఈగది? ప్రతిదానికీ అన్నేళ్లు కూర్చోలేం.

ఇక్కడే లైట్ షీట్ మైక్రోస్కోపీ అక్కరకొస్తుంది. కిటికీ సందులోంచి ఎండ చార పడితే గాలిలో దుమ్ము మెరుస్తుంది. ఆ రేణువులకు మన పూర్వులు త్రసరేణువులని పేరే పెట్టారు. (భిలాయి నెహ్రూ నగర్ ఇళ్లలో ఈ ప్రదర్శనకు దుమ్ము కొరత లేదు.) వెలుగు ఒక పక్క నుంచి, చూపు ఇంకో పక్క నుంచి. సూత్రం అంతే. లేజర్ కిరణాన్ని సిలిండ్రికల్ లెన్స్‌తో పలచని పొరగా మార్చి నమూనాలోకి పంపుతారు, కెమెరాను దానికి లంబంగా పెడతారు. చూస్తున్న పొర మాత్రమే వెలుగుతుంది కాబట్టి పైకింది పొరల మసక చేరదు. చుక్క చుక్కగా కాక పొర మొత్తం ఒకే ఫొటోలో వస్తుంది కాబట్టి పని వేగంగా సాగుతుంది. 1903లో సీడెన్‌టాఫ్, జిగ్మాండీ గాజులోని బంగారు రేణువులను చూడటానికి వాడిన ఉపాయమిది. 2004లో హైడెల్‌బర్గ్‌లో యాన్ హుయిస్కెన్ బృందం దీన్ని చేప, ఈగ పిండాలకు వాడి చూపింది.

2019లో 'సైన్స్'లో వచ్చిన పరిశోధన ఇంకో అడుగు వేసింది. దాని ముఖ్య రచయితల్లో శ్రీగోకుల్ ఉపాధ్యాయుల ఒకరు. ఇంటిపేరు మనకు తెలిసినదే. ఈగ మెదడును నీళ్లు పీల్చే జెల్‌లో, అంటే పిల్లల డైపర్లలో ఉండే రకం పాలిమర్‌లో, నాలుగు రెట్లు ఉబ్బించి, లాటిస్ లైట్ షీట్ కింద పెట్టారు. మొత్తం మెదడుకు పట్టింది రోజులే. డోపమైన్ కణాల సంధులు ప్రతి భాగంలో ఎక్కడెక్కడున్నాయో తేలింది. ఏ ప్రోటీన్ ఎక్కడుందో ఎలక్ట్రాన్ పటం నేరుగా చెప్పదు. అలాగని కాంతి దాన్ని పక్కకు నెట్టేయలేదు. రంగు తగిలించిన కణాలే ఇందులో కనిపిస్తాయి.

ఈ పరికరాన్ని మనం కొనడంతో ఆగకూడదు, కట్టాలి. ఈగల మీద మనకు పాత అనుభవమే ఉంది. ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఒబైద్ సిద్దీఖీ 1970లలోనే ఈగ వాసన, రుచి ఎలా పసిగడుతుందో వెతికారు. హైదరాబాదు సీసీఎంబీలోనూ ఈగల మీద పరిశోధన సాగుతోంది. కొరత పరికరం కట్టేవాళ్లది. 2013లో వచ్చిన ఓపెన్‌స్పిమ్ డిజైన్ అందరికీ ఉచితం. అయినా మన ఎమ్మెస్సీ ల్యాబుల్లో న్యూటన్ వలయాలు దాటితే గగనం. ఒక బ్యాచ్‌కు ఏడాది ప్రాజెక్టుగా ఇదే ఇవ్వొచ్చు. గుట్టలుగా వచ్చిపడే డేటాకు కంప్యూటర్ విభాగం వాళ్లూ కావాలి. భిలాయి లాంటి ఊళ్లో ఐఐటీ ఉంది, ఇనుము పని తెలిసిన చేతులున్నాయి. నమూనాను పట్టి ఉంచే చిన్న లోహపు తొట్టి లేత్ దగ్గర తయారయ్యేదే.