రసీదుకెక్కని హామీ

ఏప్రిల్, మే నెలల్లో కురుపాం చుట్టుపక్కల జీడిపిక్కలు అమ్మిన డబ్బు ఇళ్లకు చేరుతుంది. డిగ్రీ, బీటెక్ ఆఖరి పరీక్షలూ ఆ అదనులోనే. 'ట్రైనింగ్, నూరు శాతం ప్లేస్‌మెంట్' కాగితాలు గోడలకెక్కేదీ అప్పుడే. పార్వతీపురంలో రైలెక్కి విశాఖకో, హైదరాబాద్ అమీర్‌పేటకో వెళ్లిన కుర్రాడు డెమో క్లాసు విని ఆ సాయంత్రమే ఫీజు కట్టేస్తాడు. అతని చేతిలో పెట్టే రసీదు చూడండి. పేరు, కోర్సు, సొమ్ము, అడుగున 'కట్టిన ఫీజు తిరిగి ఇవ్వబడదు'. ఉద్యోగం ఊసే ఉండదు.

ఆ మాట రసీదుకెక్కాలి. ఎక్కించనంటున్న కన్సల్టెన్సీని ఏజెన్సీ కాలేజీల గుమ్మం తొక్కనివ్వకూడదు.

అమీర్‌పేటను తీసిపారేయమని కాదు. కాలేజీలో ఒంటబట్టనిది అక్కడి మైత్రీవనం పక్క గదుల్లో మూడు నెలల్లో నేర్చుకుని నిలదొక్కుకున్న పల్లెటూరి పిల్లలు ఎందరో. జావా శ్రద్ధగా చెప్పే మాస్టారు దొరికితే ఆ ఫీజు దండగ కాదు. పాఠం పేరు చెప్పి ఉద్యోగం అమ్మడం దగ్గరే పేచీ. కోర్సు అయిపోయాక ఫోన్ చేస్తే 'వచ్చే డ్రైవ్‌లో చూద్దాం' అంటారు. గట్టిగా నిలదీస్తే కొందరు ఇంకో బేరం పెడతారు: ఇంకాస్త కడితే రెండేళ్లు పనిచేసినట్టు కాగితాలిస్తామని. కంపెనీలు ఇప్పుడు పీఎఫ్ ఖాతా తిరగేస్తున్నాయి. ఏ నెల ఏ సంస్థ జమ వేసిందో అందులో తెలిసిపోతుంది. దొరికితే ఉద్యోగం ఊడేది కుర్రాడికి. కాగితం అమ్మినవాడి బోర్డు చెక్కుచెదరదు.

ముందు చేరినవాళ్ల మాట వినొచ్చుగా అంటారు. వాళ్ల వీడియోలు తీసేదెప్పుడు? సర్టిఫికెట్ చేతికిచ్చే రోజున. ఇంకా ఒక్క ఇంటర్వ్యూకైనా వెళ్లని పిల్లలు 'సార్ బాగా చెప్పారు' అనక ఏమంటారు! ఆరు నెలలు పోయాక వాళ్లను పలకరించే నాథుడు లేడు. మోసపోయినవాడు అప్పు చేసి పంపిన నాన్నకే చెప్పుకోలేడు, ఊరికేం చెబుతాడు? ఆన్‌లైన్ సమీక్షలకు భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఒక ప్రమాణం తెచ్చింది గానీ, పాటించడం ఎవరిష్టం వారిది.

చట్టం లేదనలేం. కోచింగ్ కేంద్రాలు వినియోగదారుల చట్టం కిందికే వస్తాయని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020లోనే తేల్చింది. ఉత్తుత్తి ఉద్యోగ హామీలిచ్చే ప్రకటనలు కూడదని 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది. అయితే అవి వర్తించేది యాభై మందికి మించి పిల్లలున్న కేంద్రాలకు. నలభై మందిని ఒక గదిలో కూర్చోబెట్టేవాడు తప్పించుకోజూస్తాడు. అతనికీ 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పదు, తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. హైదరాబాద్‌లో మోసపోయినా ఫిర్యాదు సొంత జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి సలహా అడగొచ్చు. ఇన్ని ఉన్నా, నోటిమాటగా ఇచ్చిన హామీని కమిషన్ ముందు రుజువు చేయడం ఎంత కష్టం!

దళారులు చింతపండు వంటి సరుకుల తూకంలో, ధరలో గిరిజనులను దోచుకుంటున్నారనే 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టారు. చింతపండుకు ఉన్నపాటి కాపలా ఆ చింతపండు అమ్మి చదివించుకున్న పిల్లలకు వద్దా? కురుపాంలో గిరిజన ఇంజినీరింగ్ కాలేజీకి 2020లో శంకుస్థాపన చేశారు. రేపు అక్కడ చదివి బయటికొచ్చేవాళ్ల కోసమూ ఈ ప్లేస్‌మెంట్ కాగితాలు కాచుకుని ఉంటాయి.

పార్వతీపురంలోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కదలాలి. కాలేజీలో ప్రచారానికి వచ్చే ప్రతి సంస్థ చేతా హామీని రాతలో పెట్టించాలి. ఉద్యోగం చూపిస్తామని ఫీజు తీసుకునేవాళ్లు దాన్ని వాయిదాల్లో తీసుకోవాలి, ఆఖరి వాయిదా తొలి జీతం అందాకే. ఇక్కడి నుంచి వెళ్లిన ప్రతి ఒక్కరికీ ఆరు నెలల తరవాత ఫోన్ చేసి, ఎంత కట్టారు, ఏం నేర్పారు, పని దొరికిందా అని అడిగి ఒక పుస్తకంలో రాయాలి. అడిగినవాళ్లకు దాన్ని చూపించాలి. ఒక గుమస్తా, ఒక ఫోను చాలు. వచ్చే జీడి అదనుకు ముందే ఆ పుస్తకం తెరవాలి.