చెవికెక్కని హితవు

మన్యమున వ్యాధులు ప్రబలినప్పుడెల్ల "ఎంత చెప్పినను గిరిజనులు వినరు" అను మాట వినవచ్చుచున్నది. ఏ భాషలో చెప్పితిరని మేమడుగుచున్నాము. గోండుగూడెమున తెలుఁగు ప్రకటన నంటించి, ప్రచారము ముగిసినదని దస్త్రమున వ్రాసికొనుట చెప్పుట కాదు. ప్రతివాదికి తెలియని భాషలో నోటీసు పంపి, అతఁడు హాజరు కాలేదని డిక్రీ యిచ్చుట న్యాయమగునా?

సికిల్‌సెల్ వ్యాధినే చూడుఁడు. దాని నిర్మూలనకు కేంద్రప్రభుత్వము 2023లో ప్రత్యేకోద్యమమును ఆరంభించినది. తల్లిదండ్రు లిరువురును ఆరోగ్యవంతులుగనే కనిపించుచు ఆ లక్షణమును మోయువారైనచో, పుట్టు ప్రతిశిశువునకును వ్యాధి కలుగు అవకాశము నాలుగింట నొకపాలు. పెండ్లికి ముందు రక్తపరీక్ష యేల యవసరమో చదువురాని తల్లికి కరపత్రము బోధింపఁగలదా? ఆమె భాషలో, మరల మరల వినుటకు వీలగు గొంతుకయే బోధింపవలెను.

2011 జనాభా లెక్కలలో గోండీ మాతృభాషగా గలవారు 29 లక్షలకు పైబడిరి. వారికి సాధనము లేదను సాకు చెల్లదు. మధ్యభారతమున 2010లో వెలసిన సి.జి.నెట్ స్వర, సామాన్యమైన సెల్‌ఫోనుమీఁదనే గోండీలో కబురు చెప్పుటకును వినుటకును త్రోవ చూపినది.

గిరిజనులే తెలుఁగు నేర్చుకొందురు గాక యను పెద్దలు కలరు. నేర్చువఱకు జ్వరము వేచియుండునా? ఆంగ్లపుఁ దీర్పులు తెలియక వాపోయిన మనము నేఁడు అదే బరువును గోండులపై మోపుచున్నాము. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాష నేర్చి, 1938లో దాని నిఘంటువును వెలువరించిన తెలుఁగు నేల యిది!

ప్రతి యారోగ్యకేంద్రమునుండియు గోండీ, కోలామీ, కోయ, సవర భాషలలో, ఆయా గూడెములవారి గొంతుకలతోనే ముద్రించిన హితవచనములు సంతసంతకును చేరవలెను. వినరని నిందించుటకు ముందు వినిపింపుఁడు.