పనితోడి చదువు

పండ్రెండవ తరగతి ముగించిన బాలబాలికలను పెద్ద కంపెనీలు చేర్చుకొని, కంప్యూటరు పని నేర్పుచు, నెలనెల కొంత ద్రవ్యమిచ్చుచు, దానితోడనే విశ్వవిద్యాలయపు పట్టమును గూడ చేకూర్చు పద్ధతి మనదేశమున విస్తరించుచున్నది. హెచ్.సి.ఎల్. వారి ‘టెక్‌బీ’ యిట్టిదే. 2025లో యు.జి.సి. వారు మూడేండ్ల డిగ్రీలో 1 నుండి 3 సెమిస్టర్ల వరకును, నాలుగేండ్ల డిగ్రీలో 2 నుండి 4 సెమిస్టర్ల వరకును అప్రెంటిసు శిక్షణకు కేటాయించుటకు మార్గసూచికలు వెలువరించిరి. ఇది మంచిదా యని తల్లిదండ్రులు ప్రశ్నించుచున్నారు. పద్ధతి మంచిదే యని మా యభిప్రాయము. కాని దాని మేలుకీడులు కంపెనీ పేరుమీదగాక, విద్యార్థి సంతకము చేయు నొప్పందపత్రముమీద నాధారపడియున్నవి.

పనిని చదువుతో ముడివేయుట మనవారికి క్రొత్త కాదు. 1910లో బందరున కోపల్లె హనుమంతరావుగారును, ముట్నూరి కృష్ణారావుగారును, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారును కూడి ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పినప్పుడు, పుస్తకవిద్యతోపాటు చేతిపనులను గూడ నేర్పుట వారి సంకల్పము. 1937లో వార్ధాయందు గాంధీ మహాత్ముడు ప్రతిపాదించిన విద్యావిధానమునకును మూలసూత్రమిదియే. చేతికి పని తెలియని చదువును, బుద్ధికి వెలుగునీయని పనియు, రెండును జాతిని దుర్బలము చేయునని వారు గ్రహించిరి. పొలము తాకట్టుపెట్టి కొడుకును ఇంజనీరింగు కళాశాలకు పంపిన రైతును మన జిల్లాలలో నెరుగని వారెవరు? అట్టి కుటుంబమునకు అప్పులేని పట్టము కంటె గొప్ప యుపకారము లేదు.

అన్యదేశములలో నీ పద్ధతి వేరూనినది. జర్మనీలోని స్టుట్‌గార్టు నగరమున 1972లో డైమ్లర్-బెంజ్, బాష్ మొదలగు కంపెనీలు దీనికి శ్రీకారము చుట్టినవి. మూడు నెలలు కళాశాలలో, మూడు నెలలు కంపెనీలో విద్యార్థి గడుపును. చదువు నెలలలోను జీతము ఆగదు. ఆ సంస్థయే 2009లో విశ్వవిద్యాలయ స్థాయి నందినది. ఇంగ్లండులో డిగ్రీ అప్రెంటిసుషిప్పులు 2015లో ప్రారంభమైనవి. సాలుకు 30 లక్షల పౌనులకు మించి జీతములిచ్చు యజమానులపై 2017లో నూటికి అరవంతు పన్ను విధించి, ఆ ద్రవ్యమును శిక్షణకు వినియోగించిరి. అచ్చటి అప్రెంటిసు ఫీజు చెల్లింపడు. అంతకంటె ముఖ్యముగా, అతడు చట్టము దృష్టిలో ఉద్యోగి.

మన చట్టము దీనికి భిన్నము. 1961 నాటి అప్రెంటిసుల చట్టము 18వ సెక్షను ప్రకారము అప్రెంటిసు శిక్షణార్థియే గాని కార్మికుడు కాడు. కార్మిక చట్టములు వానికి వర్తింపవు. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన వేతన సంహితయు వానిని ఉద్యోగి నిర్వచనము నుండి మినహాయించినది. ఆరోగ్యము, భద్రత, గాయమునకు పరిహారము మాత్రము వానికి గలవు. శిక్షణ ముగిసినవానికి ఉద్యోగమిచ్చు విధానమును యజమానియే యేర్పరచుకొనవలెనని 2014 సవరణ చెప్పుచున్నది. ఇంతకును కంపెనీలు నడపు పద్ధతులన్నియు నీ చట్టము క్రిందనే యుండవు. కొన్ని కేవలము కంపెనీ యొప్పందము క్రింద జరుగును. ఏ పడవ యెక్కుచున్నామో తెలిసికొనుట మొదటి పని.

నేర్చుకొనువానిని పనివానితో సమానముగా తూచరాదన్న న్యాయము మాకును సమ్మతమే. కాని యజమానికి చట్టమిచ్చిన యీ మినహాయింపు, నేర్పుటకు ప్రతిఫలము. నేర్పనివానికి దానిపై హక్కెక్కడిది? కమ్మరికొలిమిలో శిష్యుని పనియు గురువుని పనియు కంటికి వేరుగా కన్పట్టును. కంప్యూటరు పనిలో నట్లుగాదు; రెండవ నెలలో శిష్యుడు వ్రాసిన ప్రోగ్రాము నేరుగా ఖాతాదారునకు చేరవచ్చును, దానికి కంపెనీకి సొమ్ము ముట్టవచ్చును. వెనుక కచేరీలలో ఉమేదువారులు జీతబత్తెములు లేక యేండ్ల తరబడి దస్త్రములు మోసిరి. ఆ ఉమేదువారీయే గాజుమేడలలో క్రొత్త పేరుతో తిరిగి వెలయరాదు.

ఇక పూచీపత్రముల మాట. ఇన్నేండ్లు కొలువు చేయుదునని, మానినచో నింత సొమ్ము చెల్లింతునని వ్రాయించుకొనుట యెల్లయెడల చెల్లదనుట పొరపాటు. మూడేండ్లకు ముందే మానినచో 2 లక్షల రూపాయలు చెల్లింపవలెనన్న విజయా బ్యాంకు నిబంధనను 2025 మే నెలలో సుప్రీంకోర్టు సమర్థించినది. అయినను కాంట్రాక్టు చట్టము 74వ సెక్షను ప్రకారము కోర్టు ఇప్పించునది సమంజసమైన పరిహారమే; పత్రమున వ్రాసిన మొత్తము గరిష్ఠ పరిమితి మాత్రమే. మైనరు చేసిన యొప్పందము చెల్లదని 1903లోనే ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పినది. పదునేడేండ్ల బాలుని పత్రముపై తండ్రి సంతకము కోరుట యిందువలననే. చదువక సంతకము చేయు తండ్రి, బిడ్డ భవిష్యత్తును తాకట్టుపెట్టుచున్నాడు.

శిక్షణకు మేము వ్యయము చేయుదుము, నేర్చినవాడు మరునాడే పొరుగు కంపెనీకి పోయిన మా గతియేమని యజమానులందురు. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. నిజముగా చేసిన వ్యయమును లెక్కచూపి రాబట్టుకొననిండు. కాని పదవ తరగతి మొదలు సంపాదించిన అసలు సర్టిఫికెట్లను బీరువాలో దాచి, విద్యార్థిని కదలనీయకుండుట వ్యాపారము కాదు, బందిఖానా. కొలువు పోయినంతనే చదువును తెగిపోయినచో, ఆ యువకుడు రెంటికి చెడిన రేవడి యగును.

కావున మేము కోరునవి మూడు. వారమునకెన్ని గంటలు చదువునకో, ఎన్ని గంటలు పనికో, నేర్పువారెవరో ఒప్పందమున స్పష్టముగా వ్రాయవలెను. కంపెనీ విడిచినను, కంపెనీయే విడిచిపెట్టినను, సంపాదించిన క్రెడిట్లతో వేరొకచోట చదువు సాగించు హక్కు విద్యార్థికుండవలెను. ఖాతాదారుల పనిలో నియోగింపబడిన దినమునుండి అప్రెంటిసునకు కార్మికుని రక్షణలు కలుగునట్లు 18వ సెక్షనును పార్లమెంటు సవరింపవలెను.

యువకులారా, ఈ ద్వారమున నిర్భయముగా ప్రవేశింపుడు. కాని ముందుగా పత్రమును చదువుడు, తెలియనిచో తెలిసినవారిచే చదివించుకొనుడు, నకలు మీయొద్ద నుంచుకొనుడు, అసలు సర్టిఫికెట్లు ఎవ్వరి చేతికిని ఈయకుడు. విద్య నేర్చుటకు వెలయుండవచ్చును. స్వేచ్ఛ మాత్రము ఆ వెల కారాదు.