తిప్పి పంపవలసిన సీసాలు

ఛందస్సునూ సంధులనూ విడిచి ఈ తెలుగు పంతులు నీటి పరీక్షల జోలికి వచ్చాడేమిటని ఆశ్చర్యపడకండి. ముప్పై ఏళ్ళుగా మనసులో మెదలుతున్న మాట ఇది.

1994లో నల్లగొండ జిల్లాలోని ఒక పల్లె బడిలో పనిచేసేవాణ్ణి. పిల్లల్లో చాలామందివి గారపళ్ళు. బడి ఆవరణలో ఒక బోరు, ఊరి చివర మరొకటి ఉండేవి. ఏ నీరు మంచిదో తెలుసుకోవాలని రెండింటి నీళ్ళనూ సీసాలలో పట్టి, చీటీలు అంటించి, బస్సులో పట్నం తీసుకుపోయాను. దారిలో తడికి చీటీలు ఊడిపోయాయి. ఏది ఏదో గుర్తున్నదనే ధీమాతో మళ్ళీ వ్రాసి ఇచ్చాను. తీసుకున్నవారు ఒక్క ప్రశ్న వేయలేదు. కొద్దిరోజులకు ముద్ర వేసిన కాగితం వచ్చింది: బడి బోరులో ఫ్లోరైడు లీటరుకు 0.8 మిల్లీగ్రాములు, రెండవదానిలో 3.1. ఆ కాగితాన్ని నమ్మి పిల్లలచేత ఏడాదిన్నర బడి బోరు నీళ్ళే త్రాగించాను. తరువాత వేరొకచోట పరీక్ష చేయిస్తే అంకెలు తారుమారైనట్లు తేలింది.

దోషం నాదే. అయితే అక్కడ ఎవరైనా "ఈ చీటీ ఎప్పుడు వ్రాశారు? మళ్ళీ పట్టి తీసుకురండి" అని ఉంటే ఆ దోషం అక్కడే ఆగిపోయేది.

సి.పి. బ్రౌను ఒకే కావ్యానికి అనేక ప్రతులు సేకరించి, పండితులచేత సరిపోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించాడు. చేతికి వచ్చిన ప్రతిని శంకించడమే పరిష్కర్త మొదటి ధర్మం. నీటి నమూనా కూడా అటువంటి ప్రతే. బోరును కాసేపు పారించిన తరువాతే నీరు పట్టాలి. సూక్ష్మజీవుల పరీక్షకైతే శుద్ధిచేసిన సీసాలో పట్టి, మంచు పెట్టెలో ఉంచి, ఇరవైనాలుగు గంటలలోపే పరీక్ష మొదలుపెట్టాలి. మిగిలిన క్లోరిన్‌ను కుళాయి దగ్గరే చూడాలి. దారిలో అది తరిగిపోతుంది. ఇవి తప్పిన తరువాత యంత్రం ఎంత ఖరీదైనదైతేనేమి?

లోపలి పనిలోనూ శంక అవసరమే. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి మన నల్లగొండ పేరే పెట్టారు. ఆ నీటిలో పటిక తాలూకు అల్యూమినియం మిగిలితే, రంగును బట్టి కొలిచే పరీక్షలో ఫ్లోరైడు ఉన్నదానికన్నా తక్కువగా కనిపించగలదు. శుద్ధి బాగా జరిగిందని మనం సంతోషిస్తాము! అందుకే ముందు స్వేదనం చేయాలి, లేదా తగిన ద్రావణం కలిపి ఎలక్ట్రోడుతో కొలవాలి. విలువ ముందే తెలిసిన ద్రావణాన్ని నడుమ నడుమ పరీక్షించి తమను తాము సరిచూసుకోవడం మంచి ప్రయోగశాలల అలవాటు.

2019లో జల జీవన్ మిషన్ వచ్చిన తరువాత పల్లెల్లో మహిళలకు పరీక్ష పెట్టెలిచ్చి శిక్షణనిస్తున్నారు. సంతోషమే. కాని నమూనాల రాశి పెరిగినకొద్దీ "ఎన్ని చేశారు?" అన్న లెక్కే ముందుకు వస్తుంది. "ఎన్ని తిప్పి పంపారు?" అని అడిగేవారు అరుదు. నా దృష్టిలో ప్రయోగశాల నిజాయితీకి ఆ రెండవ లెక్కే గీటురాయి.

కూలి మానుకుని వచ్చిన పేదవాణ్ణి తిప్పి పంపడం న్యాయమా అని మీరు అడగవచ్చు. న్యాయం కాదు. కనుకనే సరైన సీసా, తడికి చెదరని చీటీ, తెలుగులో నాలుగు సూచనలు ముందుగానే ఊరికి చేరాలి. ఫలితం కూడా అంకెతో ఆగకూడదు. మన దేశ ప్రమాణం ప్రకారం ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము వరకు మేలు, వేరే ఆధారం లేనప్పుడు 1.5 వరకు సమ్మతం. ఈ ఒక్క వాక్యం తెలుగులో వ్రాసి ఇస్తే ఆ కాగితం ఎవరికైనా అర్థమవుతుంది.

ఆనాటి పిల్లలు ఇప్పుడు నడివయసువారు. పండుగలకు వచ్చి పలకరిస్తారు. వారిలో ఒకడు "మోకాళ్ళ నొప్పులు సార్" అన్నప్పుడు, కారణం వేరే అయి ఉండవచ్చునని తెలిసినా, నాకు ఆ తడిసిన చీటీలే గుర్తుకు వస్తాయి.

స్వస్తి.